పూర్వ ఛాయాచిత్రములు – వాని సేకరణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు గ్రంథములను గూర్చి మాటలాడుట వాడుక. గ్రంథ మహిమను పెద్దలు పలుమారులు చెప్పియే యున్నారు. దానినే మరల చెప్పుట పిష్టపేషణము. పుస్తకములు పెట్టు బీరువాలలోనే, పుస్తకములు తిను చెదలకే ఆహారమగుచు, పుస్తకముల పాటి ఆదరమునకైనను నోచుకొనని కాగితములు మఱికొన్ని కలవు. అవి పూర్వకాలపు ఛాయాచిత్రములు. ఈనాటి ప్రసంగము వానిని గూర్చియే. జేబులోని ఫోనుతో దినమునకు నూఱు చిత్రములు తీయుచున్న ఈ రోజులలో ప్రాత ఫోటోలను పోగుచేయుట యేమి, దానికొక ఉపన్యాసమేమి యని కొందఱికి నవ్వు రావచ్చును. ఆ నవ్వునకు సమాధానము ఈ ఊరిలోనే కలదు.

క్రీస్తుశకము 2వ శతాబ్దిలో టాలెమీ యను యవన భూగోళ శాస్త్రజ్ఞుడు పేర్కొన్న కొంటకొస్సిల ఈ ఘంటసాలయేనని చరిత్రకారులు చెప్పుదురు. నాగార్జునకొండ శాసనమున కంటకసెల యను పేరు కలదు. ఇచ్చటి స్తూపపు దిబ్బను పురాతత్త్వ శాఖకు చెందిన అలెగ్జాండరు రీ దొర 19వ శతాబ్దము చివర త్రవ్వించి, భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములను గూర్చి 1894లో గ్రంథమొకటి ప్రకటించెను. మధ్య చదరపు ఇటుక కట్టు, దాని చుట్టును వలయములు, ఆ వలయములను కలుపుచు బండిచక్రపు ఆకులవలె సాగు గోడలు – ఇట్టి కట్టడము ఇచ్చట నుండెనని దేశాంతరముల పండితులు తెలిసికొన్నది ఆ గ్రంథము వలననే. ఇక శిల్పముల మాట. కొన్ని ఊరిలోని మ్యూజియమున నున్నవి. కొన్ని సముద్రము దాటి పారిస్ నగరమున గిమే మ్యూజియమునకు చేరినవి. ఘంటసాల బాలుడు తన ఊరి శిల్పమును చూడవలెనన్న పారిస్ పోవలెను. పోలేకున్న దాని ఛాయాచిత్రమునైన చూడవలెను. రాయి ఊరు విడిచిన పిమ్మట ఊరికి మిగులునది చిత్రమొక్కటే.

అమరావతి విషయమున ఈ సంగతి మఱింత విశదము. కృష్ణకు ఎగువనున్న ఆ మహాచైత్యమును 1845లో వాల్టరు ఎలియట్ దొర త్రవ్వించి, శిల్పములను మదరాసునకు చేర్చెను. అవి ఏండ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినవి. 1859లో వానిని ఓడలమీద లండనునకు పంపిరి. అచ్చటను వాని దశ మారలేదు. ఫైఫ్ హౌస్ అను భవనమునకు చెందిన బండ్లసాలలో పడియుండగా 1867లో జేమ్సు ఫెర్గూసన్ అను పండితుడు వానిని గుర్తించి, మఱుసటి సంవత్సరమే సాంచి, అమరావతి శిల్పములను గూర్చి బృహద్గ్రంథమును వెలువరించెను. 1880లో గాని అవి బ్రిటిషు మ్యూజియమున స్థిరపడలేదు. ఇన్ని చేతులు మారిన రాతికి దారిలో ఏమి జరిగెనో, ఏ అంచు ఎప్పుడు విఱిగెనో చెప్పగల సాక్షి ఎవరు?

సాక్షి యొకడు కలడు. అతని పేరు లిన్నేయస్ ట్రైప్. 1822లో ఇంగ్లండున పుట్టి, కుంపిణీవారి మదరాసు సైన్యమున చేరిన ఉద్యోగి. 1855లో బర్మా రాజు కడకు పోయిన రాయబారముతో వెళ్ళి అచ్చటి ఆలయములను, కోటలను చిత్రించెను. 1856లో మదరాసు ప్రభుత్వము అతనిని తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, తంజావూరు మున్నగు క్షేత్రములకు ఎడ్లబండ్లమీద సామగ్రి నెక్కించుకొని తిరిగెను. తంజావూరు పెద్దగుడి అధిష్ఠానముమీది శాసనమును ఒక్క చిత్రమున పట్టుట సాధ్యము కాకపోగా, 21 ముద్రణములుగా తీసి, వరుసగా అతికి, సుమారు 19 అడుగుల పొడవున చుట్టగా కూర్చెను. శాసనమును చదువుటకు తంజావూరు పోనక్కఱలేకుండ చేసిన పని యది. 1858 వేసవిలో మదరాసు మ్యూజియముననున్న అమరావతి శిల్పములను చిత్రించెను. అనగా, ఓడ యెక్కుటకు ముందు ఆ రాళ్ళు ఎట్లుండెనో చూపు దస్తావేజు అతని చేతిలో తయారయినది. ఆ తరువాతి సంవత్సరమే ట్రెవెల్యన్ గవర్నరు వచ్చి, ఇది వృథా వ్యయమని ఆ శాఖనే మూయించెను. ట్రైప్ తిరిగి పటాలమునకు పోయెను. పిమ్మట చెప్పుకొనదగినంత చిత్రములు తీయలేదు. 1902లో మరణించెను. ఖజానా లెక్కలో మిగిలిన ఆ రూపాయలు ఏమయినవో ఎవరికిని తెలియదు. అతని చిత్రములను మాత్రము 2014, 2015 సంవత్సరములలో వాషింగ్టను, న్యూయార్కు, లండను నగరముల ప్రదర్శనశాలలలో జనులు బారులు తీరి చూచిరి.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. యంత్రముతో తీసినది కళ యగునా? ట్రైప్ దస్తావేజు వ్రాసిన గుమాస్తాయా, చిత్రకారుడా? అతడు వాడినది మైనము పట్టించిన కాగితపు నెగటివు. దానిమీద ఆకాశము మితిమీరి వెలుగు పట్టి, ముద్రణమున తెల్లని గోడవలె కానవచ్చును. అతడు నెగటివుమీద కుంచెతో రంగు దిద్ది మేఘములు కల్పించెను. చెట్ల ఆకులను సైతము అక్కడక్కడ దిద్దెను. కనుక ఆ చిత్రములలోని మబ్బులు ఆనాటి ఆకాశమున నుండెనని నమ్మరాదు. ఇందులో మోసమేమియు లేదు. చూపరి కన్ను గుడిగోపురముమీద నిలువవలెనని పడిన పాటు అది. రాతిని ఉన్నది ఉన్నట్లు పట్టవలెనను నిష్ఠయు, చూచుటకు ఇంపుగా నుండవలెనను తపనయు ఒకే చేతిలో ఉండుట విశేషము. పూర్వ ఛాయాచిత్రకారులలో గొప్పవారందఱును ఈ రెంటి నడుమ నడచినవారే.

జూలియా మార్గరెట్ కామెరన్ అను స్త్రీ వృత్తాంతము దీనికి మఱియొక ఉదాహరణము. ఆమె 1815లో కలకత్తాలో జన్మించినది. నలుబది యెనిమిదేండ్ల వయసున, బిడ్డలు పెద్దవారైన పిమ్మట, కుమార్తె కానుకగా ఇచ్చిన కెమెరాతో ఈ విద్య మొదలుపెట్టినది. ముఖము స్పష్టముగా రాకున్నను సరియే, అందలి భావము రావలెనని ఆమె పట్టుదల. చిత్రము మసకగా నున్నదని సమకాలికులు ఎగతాళి చేసిరి. భర్తతో సింహళమునకు పోయి, అచ్చటి కూలివారిని కూడ చిత్రించి, 1879లో అచ్చటనే తనువు చాలించినది. నాడు ఎగతాళికి గుఱియైన ఆ కాగితములకే నేడు పెద్ద మ్యూజియములు గాజు పెట్టెలు చేయించుచున్నవి. చిత్రము మనస్సును కదలించుట ఈ దేశమునకు క్రొత్తగాదు. భవభూతి ఉత్తరరామచరితము ప్రథమాంకమున సీత గడచిన వనవాసమును బొమ్మలలో చూచుచు భయపడగా, ఇది చిత్రమే గదా యని రాముడు ఓదార్పవలసివచ్చినది. కుంచెతో వ్రాసిన బొమ్మకే అంత శక్తి యున్నపుడు, కనుల ముందటి వెలుగే కాగితముమీద నిలిచిన చిత్రమునకు ఎంత యుండవలెను!

తెలుగుదేశమున ఈ కళకు రాజపోషణ దొరికినది హైదరాబాదులో. లాలా దీనదయాళ్ 1844లో మీరటు దాపున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరు సంస్థానపు కొలువున నుండి ఈ విద్య నేర్చెను. 1886లో వెలువడిన మధ్యభారత కట్టడముల గ్రంథమునకు చిత్రములు ఆయనవే. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసికొని, రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అను బిరుదు నిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. సికింద్రాబాదున స్టూడియో పెట్టెను. 1896లో బొంబాయిలో మఱియొకటి. 1892లో ఘోషా స్త్రీలకొఱకు ప్రత్యేకముగా జనానా స్టూడియో ఏర్పఱచి, ఒక ఇంగ్లీషు స్త్రీకి దానిని అప్పగించెను. చార్మినారు, గోలకొండ, ఫలక్‌నుమా భవనపు లోపలి గదులు, వేటలు, దర్బారులు – ఆనాటి హైదరాబాదును చూడవలెనన్న ఆయన కంటితోనే చూడవలెను. 1905లో మరణించెను. వంశీయులు కాపాడిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. 2006లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ విడుదల చేసినది. ఒక కుటుంబము ఎనుబదియేండ్లు గాజుపలకలను పగులనీయక దాచుట యెంత కష్టమో, ఇంట ఒక్క అద్దమును పదియేండ్లు దాచినవారికి తెలియును.

ఇక సేకరించుట యెట్లు? ముందుగా ఈ కాగితముల జాతులు తెలియవలెను. 1839లో ఫ్రాన్సున దగేర్ వెల్లడించిన పద్ధతిలో చిత్రము వెండి పూసిన రాగిరేకుమీద పడును. దానికి నకలు లేదు, ఒకటే ప్రతి. అదే కాలమున ఇంగ్లండున టాల్బట్ కనిపెట్టిన కాగితపు నెగటివునుండి ఎన్ని ప్రతులైన తీయవచ్చును. తొలినాటి ఉప్పుకాగితపు ముద్రణములలో చిత్రము కాగితపు పోగులలోనికి ఇంకియుండును, మెఱుపు లేదు. 1850లో వచ్చిన తెల్లసొన కాగితము అన్నిటికన్న విరివిగా వ్యాపించినది. పలుచని కాగితమునకు ఉప్పు కలిపిన కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి ఆరనిచ్చి, సిల్వర్ నైట్రేటు ద్రావకముమీద తేల్చి, నెగటివు క్రింద బిగించి ఎండలో పెట్టుదురు. చిత్రము తేలిన పిదప బంగారు ద్రావకమున వన్నె తెచ్చి, హైపోలో ముంచి, నీట బాగుగా కడుగుదురు. కడుగుట చాలకున్న అది ఏండ్లు గడచినకొలది వెలిసిపోవును. ఈ కాగితము పలుచనిదగుటచే ముడుచుకొనును. అందుచేతనే అట్టకు అంటించుట. తెలుపు ఉండవలసినచోట లేత పసుపు, నలుపు ఉండవలసినచోట గోధుమవన్నె – ఇది తెల్లసొన చిత్రమునకు గుఱుతు. ప్లాటినము చిత్రము మెఱయదు, వెలియదు. ఎదుటి కాగితముమీద తన నీడను లేతగా దించును. జెలటిను పూత గల చిత్రమును ఒరగబట్టి చూచిన, నల్లనిచోట్ల వెండి నీలముగా తళుక్కుమనును. భూతద్దము క్రింద చుక్కలు చుక్కలుగా కానవచ్చిన, అది ఫోటోయే కాదు. పత్రికనుండియో పుస్తకమునుండియో కత్తిరించిన అచ్చుబొమ్మ. క్రొత్త సేకర్తలు మొట్టమొదట మోసపోవునది ఇచ్చటనే.

రెండవ మోసము తేదీకి సంబంధించినది. చిత్రకారుడు నెగటివు తీసిన కాలముననే తన చేతిమీదుగా తీసిన ప్రతి వేఱు. అర్ధశతాబ్దము తరువాత అదే నెగటివునుండి వేఱొకరు తీసిన ప్రతి వేఱు. చిత్రమొక్కటే యైనను వెల ఒక్కటి కాదు. దీనదయాళ్ చిత్రములలో నెగటివుమీద వ్రాసిన పేరును, సంఖ్యయు ముద్రణమున తెల్లగా కనబడుచుండును. అట్ట వెనుక స్టూడియో చిరునామా, బిరుదులు, పతకములు అచ్చయియుండును. అట్ట మాసినదని దానిని కోసి పాఱవేసి, బొమ్మను మాత్రము అందమైన చట్రమున బిగించువారు కలరు. వారు దాచినది సగమే. సర్వే నంబరును, సరిహద్దులును లేని పొలము ఎంత పండునదైనను ఏ కోర్టులోను నిలువదు. ఫోటో వెనుక నున్న నాలుగు అక్షరములు దాని సరిహద్దులు. ఆల్బమును విడదీసి, మంచి చిత్రములను ఒక్కొక్కటిగా అమ్ముకొనుట వ్యాపారులకు లాభమే కాని, ఏ చిత్రము తరువాత ఏ చిత్రము ఉండెనను క్రమమే కొన్నిట చరిత్ర. క్రమము చెడిన పిమ్మట దానిని మరల కూర్చుట దుర్ఘటము.

ధనవంతుల వ్యసనము గదా ఇది యని ఆక్షేపింపవచ్చును. కొంత నిజమే. ట్రైప్ చిత్రములు నేడు విదేశపు వేలములలో అమ్ముడగు ధరలు పల్లెటూరివారు వినుటకే తగినవి. ఐనను, ఆ ధనవంతులు కొనకున్న ఎన్ని చిత్రములు చిత్తుకాగితముల క్రింద పోయెడివో యోచింపవలెను. నాటక దర్శకుడుగా కీర్తిగన్న ఇబ్రహీం అల్కాజీ, 1962 నుండి 1977 వఱకు ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయమునకు అధ్యక్షుడై యుండి, పిమ్మట పాశ్చాత్య దేశములలో చెల్లాచెదరైన భారతదేశపు ప్రాత ఛాయాచిత్రములను వేలకొలది సేకరించి పండితులకు అందుబాటు చేసెను. 2020లో ఆయన మరణించిన పిదపను ఆ నిధి చెక్కుచెదరలేదు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ కథ వేఱొక తీరు. ఛాయాచిత్రమును కళగా నిలబెట్టుటకు జీవితమంతయు ధారపోసి, 1903 నుండి 1917 వఱకు కెమెరా వర్క్ అను పత్రికను నడపినవాడు. తోటి చిత్రకారుల ముద్రణములను వందలుగా కూర్చినవాడు. అట్టివాడు 1933 నాటికి వానిని దాచు ఖర్చు భరింపలేక, పాఱవేయుటకు సిద్ధపడగా, న్యూయార్కులోని మెట్రపాలిటన్ మ్యూజియమువారు వచ్చి తీసికొనిపోయిరి. ఎంతటి సేకర్తకైనను చోటు, విసుగు అను రెండు శత్రువులు కలవు. వ్యక్తి విసిగినపుడు ఆదుకొనుటకు సంస్థ కావలెను. వేటపాలెము సారస్వత నికేతనము ప్రాత పత్రికలను దాచియుండకున్న పరిశోధకులు నేడు ఎచ్చటికి పోవుదురు?

పల్లెలో ట్రైప్ చిత్రము దొరకదు. దీనదయాళ్ చిత్రము దొరకుటయు అరుదే. దొరకునవి పట్టణములలో స్టూడియో పెట్టుకొన్న చిత్రకారుల పనితనములు. స్తంభములును, తోటయు వ్రాసిన తెఱ ముందు, చేత పుస్తకము పట్టుకొని నిలిచిన తాతగారు. ముఖముమీది ముడుతలను నెగటివుమీదనే పెన్సిలుతో మాపినవాడును, నల్లని చిత్రమున చీరెకు కుంచెతో ఎఱుపు దిద్దినవాడును పేరెఱుగని కళాకారులు. ట్రైప్ మేఘములకును, ఈ ఎఱుపునకును వంశమొక్కటే. ఇవి ఏ వేలములోను పలుకవు. కాని ఆనాటి కట్టు, బొట్టు, నగ, పగ్గము, అరుగు, ఇంటి దూలము – ఇవన్నియు తెలియుటకు వీనికన్న మిన్నయైన గ్రంథము లేదు.

దివిసీమవారికి ఈ నష్టము చెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన వేలమందిని మ్రింగినది. ఇండ్లు పోయినచోట గోడల పటములు మిగులునా? పోయిన తల్లి ముఖమును బిడ్డలకు చూపుటకు ఒక్క కాగితమైనను లేని కుటుంబములు ఉండుట ఎంత దుఃఖము! ఉప్పెన ఒక్క రాత్రిలో చేసినదానిని ఈ డెల్టా చెమ్మ నెమ్మదిగా ప్రతి ఇంటను చేయుచునే యున్నది. ఇల్లు పడగొట్టి క్రొత్త డాబా లేపునపుడు, ప్రాత పటములు పెంకులతో పాటు ప్రాతసామానుల బండి యెక్కుచున్నవి. ముఖములను గుర్తుపట్టగల వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. వారు పోయిన పిమ్మట చిత్రము మిగిలినను, ఎవరో స్త్రీ, ఎవరో పురుషుడు అనవలసినదే. ఉషాదేవి కలలో చూచిన పురుషుని గుర్తించుటకు చిత్రరేఖ అందఱి రూపములను వ్రాసి చూపినదని పురాణము. రూపము వ్రాయుట చిత్రరేఖ పని. వీడే యని చెప్పగలుగుట ఉష పని. ఉష లేనిది చిత్రరేఖ శ్రమ వ్యర్థము.

కావున గ్రంథాలయములో ఒక బీరువా ఇందుకు కేటాయింపదగినది. అసలు చిత్రమును ఇచ్చివేయుటకు ఏ ఇల్లాలును ఒప్పుకొనదు, ఒప్పుకొననక్కఱయు లేదు. నకలు తీసికొని అసలును ఇంటికే తిరిగి పంపవచ్చును. చిత్రమునందలివారి పేర్లు, ఊరు, సంవత్సరము, ఎవరి ఇంటినుండి వచ్చినది, గుర్తుపట్టి చెప్పినవారెవరు – ఇవి ఒక రిజిష్టరులో సంఖ్యతో వ్రాయవలెను. నిశ్చయముగా తెలియనిచోట ఊహ వ్రాయరాదు, ఖాళీగా విడువవలెను. తప్పుడు పేరు వ్రాసినచో అది అచ్చులోనికెక్కి, వంద సంవత్సరములు సత్యముగా చెలామణి యగును.

కాపాడు విధములు కొన్ని చెప్పవలసియున్నవి. చిత్రము వెనుక సిరాతోను, బాల్‌పెన్నుతోను వ్రాయరాదు; ముందువైపునకు తేలును. మెత్తని పెన్సిలుతో, అంచున, ఒత్తకుండ వ్రాయవలెను. చినిగినచోట సెల్లో టేపు అంటించుట వ్యాధికన్న చికిత్స ప్రమాదమగుట వంటిది. పది పదునైదేండ్లకు ఆ జిగురు పసుపుపచ్చనై కాగితమును తినివేయును. లామినేషను అంతకన్న హాని. చేసినదానిని మరల తీయుట లేదు. వార్తాపత్రికలో చుట్టరాదు, ఆ కాగితము పులుపు దీనికి అంటును. తడిగుడ్డతో తుడుచుట తెల్లసొన చిత్రమునకును, రంగు దిద్దిన చిత్రమునకును మృత్యువు. మెత్తని పొడి కుంచె చాలును. నేలమీది ఇనుపపెట్టెలోగాని, వాన కొట్టు గోడకు ఆనించిన అలమరలోగాని పెట్టక, ఎత్తైన గాలియాడు అఱలో శుభ్రమైన కాగితపు కవరులలో పరుండబెట్టవలెను. తాటాకు గ్రంథములలో వలె వేపాకు పెట్టుదమనుకొనువారు ఆకు చెమ్మ సంగతి మఱువరాదు. ఎండ తగులు గోడమీద అసలు వ్రేలాడదీయుట కంటె, అచ్చట నకలు పెట్టి అసలును చీకటిలో నుంచుట మేలు.

చాలమంది అడుగునది, ఏండ్ల తరబడి చట్రములో నుండి గాజుకు అంటుకొనిపోయిన పటముల సంగతి. వానిని గోటితో పెరికి తీయబోయిన ముఖమే గాజుకు అంటి వచ్చును. వెనుక అట్టమాత్రము మెల్లగా తొలగించి చెదలు చూచుకొని, చిత్రమును గాజుతోనే ఉంచి, కిటికీ వెలుగు ప్రక్కనుండి పడునట్లు నిలిపి, మెఱుపు తగులకుండ కొంచెము ప్రక్కకు జరిగి, గాజుమీదుగానే నకలు తీయవలెను.